జపాన్ కొండపల్లె వదిలి పర్లాకిమిడి వచ్చేశాం. ఇక్కడా సాదాగా బతకొచ్చా?

తనయగట్టు (పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా)

అందరికీ నమస్కారం. సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ళు ఎక్కువగా ఉంటారని ఇక్కడ అడుగుతున్నాను. హైదరాబాద్ వాళ్ళ గ్రూపుల్లో అడిగితే విల్లాల రేట్లు చెబుతున్నారు.

ఒసాకాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ణి. కోవిడ్ తర్వాత ఆఫీసుకు రానక్కర్లేదన్నారు. షిమానే వైపు కొండల్లో పాత చెక్క ఇల్లు అద్దెకు దొరికితే అక్కడికి మారిపోయాం. జపాన్‌లో ఖాళీ ఇళ్ళకు కొదవ లేదు. 2023లో వాళ్ళ ప్రభుత్వం లెక్క తీస్తే 90 లక్షలు తేలాయి. మొత్తం ఇళ్ళలో 13.8 శాతం. పిల్లలు పట్నాలకు పోయి, పెద్దలు కాలం చేశాక తలుపు తీసే దిక్కు లేనివే ఎక్కువ.

అక్కడ మేము కొనేది ఏముంది? బియ్యం పక్కింటి తాత దగ్గర, కూరలు పెరట్లోవి. లేనివి రోడ్డు పక్కన మనిషి లేని బల్ల మీద పెట్టి ఉంటాయి. డబ్బాలో 100 యెన్లు వేసి ముల్లంగి తీసుకోవడమే. చలికాలం కిరోసిన్ స్టవ్. మంచు పడితే పొద్దున్నే పార పట్టుకుని దారి చేసుకోవాలి. చిలగడదుంప వేస్తే అడవిపందులు వదలవు, చుట్టూ కరెంటు తీగ కట్టాం. ఊళ్ళో అందరూ ముసలివాళ్ళే. 80 దాటినా బుల్లి తెల్ల ట్రక్కు తోలుకుంటూ పొలం వెళ్తారు. కొన్ని ఆదివారాలు ఊరంతా కలిసి రోడ్డు పక్క గడ్డి కోయాలి. ఆ కబురు అట్టకు గుచ్చిన కాగితాల మీద ఇంటింటికీ తిరుగుతుంది. గడ్డికోత ఎప్పుడు, ఏ చెత్త ఏ రోజు, ఎవరు పోయారు అన్నీ అందులోనే. చదివి మన ముద్ర వేసి పక్కింట్లో ఇచ్చేయాలి. రెండు మూడు జతల బట్టలు, ఒక సైకిల్. ఎవరూ ఏమీ అనేవారు కాదు.

అమ్మకు మోకాళ్ళు లేవనివ్వడం లేదు. పాపకు తెలుగు వంటింటి మాటలు దాటి రావడం లేదు. అందుకే వచ్చేశాం. కాశీనగర్ వైపు నాన్నగారి భూమి కొంత ఉంది. నెలలో కొన్ని రోజులు ఆన్‌లైన్ పని, మిగతా రోజులు పొలం అనుకున్నాం.

వచ్చాక కథ వేరుగా ఉంది. సైకిల్ మీద బజారుకు వెళ్తే సాయంత్రానికి "అబ్బాయి ఉద్యోగం పోయిందటగా" అని అమ్మను చూడటానికి వచ్చారు. పరామర్శకన్నమాట! కారు కొనేదాకా గుడికి కూడా రానంటోంది అమ్మ. చిన్నాన్న కూతురి పెళ్ళికి మా చదివింపు ఎంత ఉండాలో మాతో అనకుండానే ఖాయమైపోయింది. సాదాగా ఉండటం అక్కడ చవక, ఇక్కడ అదే ఖరీదు. ఇలా తిరిగొచ్చి నిలదొక్కుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

కాశీనగర్ కుర్రాడు

అన్నయ్యా, సైకిల్‌కి గేర్లు ఉన్నాయా? ఉంటే ఫారిన్ అలవాటు అంటారు, లేకపోతే ఉద్యోగం పోయింది అంటారు. హెల్మెట్ కూడా పెట్టండి. ఇక పరామర్శకు ఎవరూ రారు.

లెక్కల మనిషి (రాయగడ)

మనసు సంగతి మిగతావాళ్ళు చూసుకుంటారు, నేను కాగితాల సంగతి చెబుతాను.

ఇక్కడే ఉండిపోవాలని వచ్చినవాళ్ళు ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో ఉండే భారతీయుల) ఖాతా అలాగే నడపకూడదు. బ్యాంకుకు చెప్పి రెసిడెంట్ ఖాతాగా మార్పించండి. విదేశీ కరెన్సీలోనే ఉంచుకోవాలంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా ఉంది. గడిచిన 10 ఏళ్ళలో 9 ఏళ్ళు నాన్ రెసిడెంట్ అయినా, గడిచిన 7 ఏళ్ళలో ఇండియాలో ఉన్నది 729 రోజులు దాటకపోయినా మీకు ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంటే అయినా పూర్తి రెసిడెంట్ కాని) హోదా వస్తుంది. అది ఉన్నంతకాలం బయటి దేశంలో పుట్టిన ఆదాయానికి సాధారణంగా ఇక్కడ పన్ను లేదు. అయితే చాలామంది పొరబడేది ఇక్కడే. పర్లాకిమిడిలో కూర్చుని జపాన్ కంపెనీకి పని చేస్తే అది ఇక్కడ సంపాదించిన డబ్బే. యెన్లలో వచ్చినా సరే.

జపాన్ పింఛను మాటేమిటి? 10 ఏళ్ళ లోపు కట్టినవాళ్ళు ఏకమొత్తంగా వెనక్కి అడగొచ్చు, కానీ ఆ దేశం వదిలిన 2 ఏళ్ళలోపు దరఖాస్తు పెట్టాలి. ఉద్యోగుల పింఛను మొత్తంలో 20.42 శాతం పన్ను పట్టుకుని ఇస్తారు. అక్కడ పన్ను ప్రతినిధిని పెట్టుకుంటే దాన్ని తిరిగి అడగొచ్చు. రెండు చోట్లా కట్టిన నెలలను కలిపి లెక్కించే సామాజిక భద్రతా ఒప్పందం రెండు దేశాల మధ్య 2016 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. ఏకమొత్తం తీసేసుకుంటే ఆ నెలలు ఇక లెక్కలోకి రావు, కాబట్టి తొందరపడకండి.

భూమి విషయం. ఎన్‌ఆర్‌ఐగా ఉండగా పంట భూమి కొనడానికి వీల్లేదు. నాన్నగారిది వారసత్వం కాబట్టి ఇబ్బంది లేదు, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించి ఒడిశా భూ రికార్డుల సైటు భూలేఖ్‌లో మీ పేరు చూసుకోండి. ఇంకొంచెం కొందామని కొండవైపు చవక బేరాలకు మాత్రం వెళ్ళకండి. ఆర్. ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు షెడ్యూల్డ్ ప్రాంతం (ఈ రాయగడ మా జిల్లా కాదు, మీ గజపతిలోని బ్లాకు. పేరు ఒకటే కావడంతో తపాలా కూడా తప్పుతుంది). 1956 నాటి 2వ రెగ్యులేషన్ ప్రకారం అక్కడ ఆదివాసుల భూమి మనకు బదిలీ కాదు. బేనామీ దారులు చెప్పేవాళ్ళు చాలామంది తగులుతారు. వినకండి.

ధర్మాబాద్ మిర్చి (నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర)

అన్నా, నేను కూడా విదేశంలో పల్లె బతుకే బతికాను. సౌదీలో. డ్రైవర్ పని అన్నారు, దిగాక ఎడారిలో గొర్రెల దగ్గర వదిలారు. డేరా, నీళ్ళ ట్యాంకరు, బియ్యం, ఎండిన ఖుబూస్ రొట్టె. రెండు జతల బట్టలు మీకూ నాకూ సమానమే. ఫోన్ ఛార్జింగ్‌కు చిన్న సోలార్ పలక ఉండేది. సిగ్నల్ కావాలంటే ఇసుక దిబ్బ ఎక్కాలి. మాట్లాడటానికి మనిషి లేక గొర్రెలకు పేర్లు పెట్టి తెలుగులో తిట్టేవాణ్ణి. పాపం, మంచివే అవి.

సాదా బతుకు మీరు ఏరుకున్నారు. నాకు కఫీల్ (అక్కడి యజమాని) ఏరిపెట్టాడు. ఖర్చు పెట్టే దుకాణమే లేదు కాబట్టి జీతం మిగిలింది, దాంతో అప్పు తీరింది. తిరిగొచ్చాక నన్ను ఎవరూ "సైకిల్ మీద తిరుగుతున్నావేం" అనలేదు. వెళ్ళకముందూ సైకిలే కదా. "ఎంత తెచ్చావు" అని మాత్రం అందరూ అడిగారు. మీ ఊరివాళ్ళు మీ సైకిల్‌ను కాదు, మీ జీతాన్ని చూస్తున్నారు. అదే సైకిల్ నేను తొక్కితే కంటికి కూడా ఆనదు.

ఇప్పుడు మిర్చి వేస్తున్నాను. బాబ్లీ బ్యారేజీ గేట్లు జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా తెరిచి ఉంచాలని సుప్రీంకోర్టు తీర్పు, గోదావరి గట్టునే ఉన్నా మా నీళ్ళకు క్యాలెండర్ ఉంది. అయినా సాయంత్రం ఇంటికొస్తే తిట్టడానికి మనుషులున్నారు. బాగుంది.

గల్ఫ్ వెళ్ళే తమ్ముళ్ళు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది, 10 లక్షల బీమా. ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ఏజెంటు కట్టాడని నమ్మకండి, కాగితం చేతికి తీసుకోండి.

బరంపురం కోడలు

తనయగట్టు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. పక్కింటి తాత ఉన్నాడు, అడవిపందులు ఉన్నాయి, ట్రక్కులు ఉన్నాయి. మీ ఆవిడ లేదు. ఆ ముల్లంగిని ఎవరు ఊరబెట్టారు, మంచులో బట్టలు ఎవరు ఉతికారు, ఇప్పుడు మోకాళ్ళ నొప్పుల అత్తగారి దగ్గర ఎవరు ఉంటున్నారు? మగవాళ్ళు సాదాగా బతుకుతామంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. మిక్సీ తీసేసి రోలు తెస్తారు, ఫొటో వాళ్ళది, రుబ్బుడు మనది.

తనయగట్టు

అడిగింది న్యాయమే. ఫోన్ ఆవిడకే ఇస్తున్నాను, తనే రాస్తుంది.

నేను ఇంటావిణ్ణి. వాషింగ్ మెషీన్ ఉండేది అక్కా, అంత దాకా పోలేదు. ముల్లంగి ఇద్దరం ఊరబెట్టాం. పక్కింటి మామ్మ నేర్పింది, ఆయన ముక్కలు పెద్దగా కోశారని తిట్లు కూడా తిన్నారు. గడ్డికోతకు ప్యాంటు, రబ్బరు బూట్లు వేసుకుని ఆడవాళ్ళందరితో వెళ్ళేదాన్ని. నా మెడలో ఏముంది, నేను ఎవరి కోడల్ని, ఇంకో బిడ్డ ఎప్పుడు అని అక్కడ ఎవరూ అడగలేదు. ఇక్కడ అదే ప్యాంటుతో పొలం గట్టు మీదికి వెళ్తే అత్తయ్యకు ఫోన్ వచ్చింది.

కానీ ఒక మాట చెప్పాలి. ఆ మామ్మ పోయినప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళం వంటకు వెళ్ళాం. కవర్లో డబ్బు పెట్టి ఇవ్వాలన్నారు, ఇచ్చాం. గుమ్మం దగ్గర బల్ల వేసి ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాసుకున్నారు. కొన్నాళ్ళకు అందులో దాదాపు సగం విలువ చేసే టీ ఆకు పొట్లం మా ఇంటికి వచ్చింది. అక్కడ అలా పద్ధతి. అప్పుడు ఈయన "ఎంత బాగుందో చూడు, ఊరంటే ఇలా ఉండాలి" అన్నారు. చిన్నాన్నగారి పెళ్ళి చదివింపుల దగ్గర మాత్రం ఆ మాట అనడం లేదు. ఫోన్ ఇచ్చేస్తున్నాను.

బరంపురం కోడలు

చెల్లీ, నువ్వు వేరే ఐడీ తెరుచుకో.

గుణుపూర్ మాస్టారు

అమ్మాయి చెప్పాక నాకు మిగిలింది తక్కువే, అయినా రిటైరైనవాడికి తీరిక ఎక్కువ.

మా తాతగారు గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళారు. ఆ రోజుల్లో బరంపురం నుంచి శ్రీకాకుళం దాకా చేతిలో పని లేనివాడికి దారి అదే. ధాన్యం మిల్లుల్లో, రేవులో కూలి. మనవాళ్ళను అక్కడ కోరంగీలు అనేవారు. 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక జనం కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చేశారు. తాతగారూ ఆ గుంపులోనే. (మీరు జపాన్ నుంచి వచ్చారు, ఆయన జపాన్ దెబ్బకు వచ్చారు. చరిత్రకు ఇలాంటి సరదాలు ఉంటాయి.) తర్వాత 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కి, 1964లో దుకాణాలు జాతీయం చేశాక ఇంకో విడత వచ్చింది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు వెలిసింది అలాగే.

తాతగారు ఊరు చేరేసరికి ఒంటి మీద బట్ట తప్ప ఏమీ లేదు. అంతకంటే సాదా బతుకు ఎవరికి కావాలి? ఇంటి కప్పుకు గడ్డి ఒకరు వేశారు, గింజలు ఒకరు కొలిచారు, పెళ్ళీడు చెల్లెలికి చీర ఒకరు పెట్టారు. ఎవరెవరిది ఎంత అన్నది మా నాన్నమ్మ నోటిలెక్కగా ఉండేది. మా నాన్నగారు ఉద్యోగంలో చేరాక ఒక్కో ఇంటి శుభకార్యంలో ఒక్కోటి తీర్చారు. ఎవరూ అడగలేదు, అయినా తీర్చారు.

మీ చిన్నాన్నగారి చదివింపుల పుస్తకం అదే బాబూ. మీరు అక్కడి పుస్తకాన్ని మెచ్చుకోవడంలో తప్పు లేదు. అక్కడ మీరు గడ్డికోతకు వెళ్ళారు, కవరు ఇచ్చారు, కాగితాల అట్ట మీద ముద్ర వేశారు. ఆ పల్లెలో కూడా పుట్టిన పిల్లలు ఈ బాధ్యతలన్నీ మోయలేకే ఒసాకా పారిపోయి ఉంటారు. అందుకే ఇల్లు ఖాళీగా దొరికింది మీకు.

ధర్మాబాద్ మిర్చి

మాస్టారూ, ఆ చివరి మాటకు దండం.

తనయగట్టు

మాస్టారూ, సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. అక్కడ పక్కింటివాడికి ఇంత, బంధువుకు ఇంత అని ఒక మోస్తరు రివాజు ఉంది. అందరికీ తెలుసు, ఎక్కువ ఇచ్చినా ఇబ్బందే పడతారు. కవరు మూసి ఇస్తారు. మన దగ్గర మైకులో చదువుతారు. "జపాన్ నుంచి విచ్చేసిన ఫలానా వారు చదివించినది..." అని అక్కడ ఆగి ఊపిరి పీల్చి మరీ చెబుతారు. ఆ ఊపిరికే నాకు ఖర్చవుతుంది. తాతగారి రోజుల్లో కొలిచింది అవసరానికి, ఇప్పుడు కొలుస్తున్నది హోదాకు.

ఇంకో సంగతి. పాపను ఇక్కడి ప్రైవేటు బడిలో వేశాం. జపాన్ బడిలో పిల్లలే క్లాసు ఊడ్చి, బల్లలు తుడిచి, మధ్యాహ్నం ఒకరికొకరు వడ్డించుకుంటారు. ఇక్కడ మొదటి వారమే చీపురు పట్టింది. ఇంకో ఇద్దరు పిల్లలు సరదాపడి తోడయ్యారు. మర్నాడు ఒకావిడ "ఫీజులు కట్టి ఊడ్పిస్తున్నారా" అని బడి మీదికి వెళ్ళింది. టీచరు మమ్మల్ని పిలిచి మెల్లగా చెప్పారు, పాపను మానమనండి అని. ఏం చెప్పి మానిపించాలో తోచలేదు. ఇంట్లో మాత్రం ఊడుస్తోంది, నానమ్మ మురిసిపోతోంది, "ఆడపిల్ల కదా" అని. అక్కడ మగపిల్లలూ ఊడ్చేవారని చెబితే వినిపించుకోదు.

తెలుగు చెప్పే బడి కోసం చూస్తే ఒడియా, ఇంగ్లీషు, హిందీ అయ్యాక మిగిలిన పీరియడు ఏదీ లేదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. పాపకు అక్షరాలు అమ్మే నేర్పుతోంది. మోకాళ్ళు నొప్పి, నోరు బాగానే ఉంది.

సిరొంచ రేవు (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)

అన్నయ్యగారూ, ఎవరూ అడగని సంగతి నేను అడుగుతాను. అమ్మగారికి రాత్రి పన్నెండింటికి ఏమన్నా అయితే సైకిల్ మీద తీసుకెళ్తారా? నేను ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి ఈ బుద్ధి. మా సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైమాటే. గోదావరి మీద వంతెన వచ్చాక మా జనం కాళేశ్వరం వైపు దాటి వరంగల్ పోతున్నారు. రాష్ట్రం మారితే మన ప్రభుత్వ కార్డు చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి, లేకపోతే కౌంటర్ దగ్గర ఏడుపే.

జపాన్‌లో మీరు చెక్క ఇంట్లో సాదాగా ఉన్నా వెనక బీమా ఉంది. అక్కడ అందరికీ బీమా, పని చేసే వయసువాళ్ళ జేబు నుంచి సాధారణంగా 30 శాతమే. పిలిస్తే అంబులెన్స్ వస్తుంది. కుళాయి తిప్పి నీళ్ళు తాగొచ్చు. ఆ సాదాతనాన్ని సర్కారు మోసింది. ఇక్కడ ఎవరి ఇంటికి వాళ్ళే బోరు, వాళ్ళే ఇన్వర్టర్, వాళ్ళే ఫిల్టరు, వాళ్ళే కారు. జనం షోకు కోసమే కొంటున్నారని అనుకోకండి. కొన్ని భయంతో కొంటారు. అమ్మగారు కారు అడగడంలో కూడా అదేమైనా ఉందేమో చూడండి.

తనయగట్టు

ఈ మాట రాత్రి అమ్మను అడిగాను. నాన్నగారికి గుండెనొప్పి వచ్చినప్పుడు బండి కోసం వీధిలో తలుపులు కొట్టిందట. నేను అప్పుడు షిమానేలో ఉన్నాను. ఇన్నాళ్ళూ ఆ సంగతి నాతో అనలేదు.

పాత మారుతి ఒకటి చూస్తున్నాను. సైకిల్ కూడా ఉంటుంది.

కాశీనగర్ కుర్రాడు

వాన ఎక్కువైనప్పుడు బండి ఎక్కడ పెడతారో కూడా చూసుకోండి అన్నయ్యా. జోకు కాదు. మీ భూమి మా కాశీనగర్ వైపు అన్నారు, అంటే వంశధార పక్కన. అక్కడే మట్టి ఇల్లు కట్టే ఆలోచన ఉంటే ఒకసారి ఆగండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి ఒక పూటలో పోయింది, మాకు అసలు దెబ్బ తర్వాత వాగులు, నది పొంగినప్పుడు తగిలింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి పడిపోయాయని టీవీలో చూపించారు, ఇటువైపు గజపతి కొండల్లో చరియలు విరిగి మనుషులే పోయారు. మా ఇంట్లో నీళ్ళు కిటికీ దాకా వచ్చాయి. మట్టి గోడ అలా కూర్చుండిపోయింది, పక్కింటి సిమెంటు మేడ మీద తలదాచుకున్నాం. ఆ మేడ ఆయన గల్ఫ్ డబ్బుతో కట్టాడని అంతకుముందు మేమే వెక్కిరించేవాళ్ళం.

పొలంలో షెడ్డు వేసుకోండి, పడుకోవడం ఊళ్ళో.

జయపురం చోళ్ళు (కోరాపుట్ జిల్లా)

ఆలస్యంగా చూశాను. పొలం మీద బతుకుదామనేవాళ్ళకు లెక్క ఒకటి. ఒడిశాలో చిరుధాన్యాల మిషన్ 2017లో మొదలైంది, తొలి 7 జిల్లాల్లో మీ గజపతి, మా కోరాపుట్, రాయగడ ఉన్నాయి. 2024-25లో చోళ్ళ (రాగుల) మద్దతు ధర క్వింటాలు 4,290. ఎకరానికి 6 క్వింటాళ్ళు అనుకుంటే 25,740 రూపాయలు. అందులోంచి కూలి, దుక్కి తీసేయండి. వరికి కేంద్రం 2,300, దాని మీద రాష్ట్రం 800 కలిపి 3,100 ఇచ్చింది. అయితే ముందుగా సొసైటీలో పేరు నమోదై ఉండాలి, టోకెన్ రావాలి, తేమ కొలిచేవాడికి మీ ధాన్యం నచ్చాలి.

అంబలి కోసం అయితే చోళ్ళు వేయండి, ఆదాయం కోసం అయితే ఆ ఆన్‌లైన్ పని వదలకండి. మా ఊళ్ళో పొలం మీదే బతికేవాళ్ళు ఎవరూ దాన్ని సాదా జీవితం అనరు. టీకొట్టు, కోళ్ళు, వలస కూలి, అన్నీ కలిపితేనే ఏడాది గడుస్తుంది.

లెక్కల మనిషి

పై లెక్క సరే. పంట ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు, కానీ వేరే ఆదాయం ఉంటే రేటు లెక్కలో దాన్ని కలుపుతారు. రిటర్నులో చూపించండి.

బరంపురం కోడలు

పెళ్ళి సంగతి తేల్చలేదు మీరు. మా దేవాంగుల వీధిలో ఇదే గొడవ వచ్చింది. పట్టు నేసే ఇళ్ళకు చేతిలో ఆడే డబ్బు తక్కువ, చదివింపులు మాత్రం మేడవాళ్ళతో సమానంగా ఉండాలి. పెద్దవాళ్ళు కూర్చుని మైకు తీసేయించారు. పుస్తకం ఉంచారు. చూసేవాళ్ళు లేకపోయేసరికి మొత్తాలు వాటంతట అవే తగ్గాయి. ఇప్పుడు మేడవాళ్ళు మాత్రం విడిగా ఫోన్ చేసి "మా కవరు అందిందా" అని అడుగుతారు, ఆ జబ్బుకు మందు లేదు.

చిన్నాన్నగారితో మైకు గురించి మాట్లాడి చూడండి. డబ్బు తగ్గిస్తామని కాకుండా, మైకు వద్దని.

తనయగట్టు

మాట్లాడాను. "మైకు లేకపోతే పెళ్ళిలా ఉండదురా" అన్నారు. చివరికి పాటలకు మైకు, చదివింపులకు పుస్తకం అని పిన్ని తీర్పు చెప్పింది. మా ఆవిడ వడ్డన వైపు పేరు ఇచ్చింది, నాకు బియ్యం బస్తాలు దింపే పని. భోజనాల బంతి దగ్గర ప్లాస్టిక్ గ్లాసులు వద్దన్నాను, ఆ మాట మీద ఇంకా ఎవరూ నాతో మాట్లాడటం లేదు.

మాస్టారు గడ్డికోత గుర్తు చేశాక మా వీధి కాలువ సంగతి కూడా కదిపాను. మహేంద్రతనయ ఏటి గట్టు దాకా మొత్తం ప్లాస్టిక్, వాన పడితే మా గుమ్మాల్లోకే. "మున్సిపాలిటీ ఏం చేస్తోంది" అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఆ తర్వాత మా ఆవిడ ఒక అట్టకు కాగితం గుచ్చి, ఆదివారం పొద్దున్న ఎవరు వస్తారో రాయమని ఇంటింటికీ తిప్పింది. మూడో ఇంట్లో ఆ అట్ట ఆగిపోయింది. వాళ్ళబ్బాయి క్రికెట్ స్కోరు రాసుకున్నాడు.

గుణుపూర్ మాస్టారు

అట్ట కాదు నాయనా, మీ అమ్మగారిని వీధి అరుగు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆవిడ కేకేస్తే రానివాడు ఉండడు. మోకాళ్ళతో పనిలేదు.

ధర్మాబాద్ మిర్చి

ఇంకా ఎందుకు ఆలోచన, టిఫిన్ పెట్టండన్నా. నేను గల్ఫ్ నుంచి వచ్చాక మా వాగు పూడిక అలాగే తీయించాను.

తనయగట్టు

అమ్మ కేకేసింది. కొందరు పేర్లు ఇచ్చారు. టిఫిన్ ఖర్చు ఎవరిదన్న దాని మీద ప్రస్తుతం గొడవ నడుస్తోంది.

కాశీనగర్ కుర్రాడు

పూరీ అయితే కాశీనగర్ నుంచి నేనూ వస్తా. ఉప్మా అయితే మున్సిపాలిటీయే చూసుకోవాలి.